గన్నవరం నుంచి విశాఖకు ఎంతసేపు?

విజయవాడ నుంచి విశాఖపట్నానికి విమానంలో గంట ప్రయాణమేనన్న మాట ప్రసంగాల్లోనూ ప్రకటనల్లోనూ తరచుగా వినిపిస్తున్నా, ఆ గంట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. గన్నవరం, విశాఖ విమానాశ్రయాల మధ్య గగనతల దూరం, అంటే భూగోళపు వంపు వెంట కొలిచే అతి దగ్గరి దూరం, సుమారు 290 కిలోమీటర్లు. రైలు మార్గం 350. గంటకు 500 కిలోమీటర్లు పోగల టర్బోప్రాప్, అంటే టర్బైన్ ఇంజను తిప్పే పంకాలతో నడిచే చిన్న విమానం, ఈ దూరాన్ని లెక్క ప్రకారం 35 నిమిషాల్లో దాటాలి. కాని ఇంత తక్కువ దూరంలో పైకెక్కడానికీ కిందికి దిగడానికీ చాలా సమయం పోతుంది కాబట్టి పూర్తి వేగం అందేది కొద్దిసేపే. టైంటేబుల్ చూపేది బ్లాక్ టైమ్, అంటే విమానం ఒకచోట కదిలింది మొదలు మరోచోట నిలిచి ఇంజన్లు ఆపేదాకా పట్టే కాలం. ఆ గంట విమానానిదే తప్ప ప్రయాణికుడిది కాదు.

బెజవాడ నడిబొడ్డు నుంచి గన్నవరానికి 20 కిలోమీటర్లు వెళ్లి, గంట ముందే మూసే చెక్-ఇన్ కౌంటరును అందుకుని, తనిఖీ దాటి, దిగాక సామాను కోసం వేచి, మళ్లీ ఊళ్లోకి చేరేసరికి నాలుగు గంటలు కావస్తాయి. 2023 సంక్రాంతికి మొదలైన వందే భారత్ కూడా ఈ రెండు నగరాల మధ్య దాదాపు నాలుగు గంటలే తీసుకుంటుంది, పైగా ఊరి మధ్యలోనే దింపుతుంది. విశాఖ విమానాలు నగరానికి 40 కిలోమీటర్లకు పైగా దూరమైన భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి నడిస్తే ఈ తూకం మరింతగా రైలు వైపే మొగ్గుతుంది. అయినా ప్రభుత్వాలకు పట్టాల మీద లేని మోజు రన్‌వేల మీద ఉంది. చిన్న పట్టణాలకు సబ్సిడీతో విమానాలు నడిపే ఉడాన్ పథకం తొలి మూడు విడతల్లో కేటాయించిన 774 మార్గాల్లో, సబ్సిడీ గడువు తీరాక 2023 మార్చి నాటికి నిలిచినవి 54 మాత్రమేనని కాగ్ తేల్చిన తర్వాతైనా ఆ మోజు తగ్గవలసింది.

దూరం సంగతి అటుంచి, ఎక్కిన విమానంలోనైనా తెలుగువారికి దక్కుతున్న గౌరవమెంత? రెండు తెలుగు ఊళ్ల మధ్య ఎగిరే విమానంలోనూ భద్రతా సూచనలు సాధారణంగా హిందీ, ఇంగ్లీషుల్లోనే వినిపిస్తాయి. 2022 సెప్టెంబరులో విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే విమానంలో, తెలుగు మాత్రమే తెలిసిన ఒక మహిళను అత్యవసర ద్వారం పక్క సీటు నుంచి లేపి మరోచోట కూర్చోబెట్టారు. ఆమెకు సూచనలు అర్థం కాకపోవడం భద్రతా సమస్యే అయినప్పుడు, ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పకపోవడం అంతకన్నా పెద్ద భద్రతా లోపం. ఉడాన్ మొదలైన నాటి పౌర విమానయాన మంత్రి విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు. 2024లో ఆ బాధ్యత చేపట్టినవారు శ్రీకాకుళానికి చెందిన రామ్మోహన్ నాయుడు. తెలుగు నేల మీద దిగే ప్రతి విమానంలోనూ తెలుగులో సూచనలు తప్పనిసరి చేయడానికి కొత్త విమానాశ్రయమేదీ అక్కర్లేదు, ఆ శాఖ నుంచి ఒక ఉత్తర్వు వస్తే చాలు.