సర్వర్లు మన ఊర్లల్ల.. తాళం చెయ్యి ఎవల కాడ?

2024 జులై 19, శుక్రవారం. శంషాబాద్ ఎయిర్‌పోర్టుల కంప్యూటర్లు నీలం తెర చూపిచ్చి నిలవడ్డయి. కౌంటర్ల కాడ మందే మంది. సిబ్బంది ఇగ పెన్నులు పట్టుకొని బోర్డింగ్ పాసులు చేత్తోని రాసిచ్చిన్రు. హైదరాబాద్ నుంచి కలకత్తా పోయే ఒకాయనకు రాసిచ్చిన చీటీ ఫోటో ప్రపంచమంత తిరిగింది. అది హ్యాకింగ్ గాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తోని 85 లక్షల దాంక విండోస్ మిషన్లు పడిపోయినయి. దొంగ రానే లేదు, కాపలా కుక్కనే ఇంటోళ్లను కరిచింది.

ఆ రోజు మా సర్వర్ పనోళ్ల వాట్సాప్ గ్రూపుల ఒకటే నవ్వు. 'మనది లైనక్స్ భాయ్, మనకేం గాదు' అని. నేను గూడ నవ్విన. గదే ఏడాది మార్చిల ఏమైందో మర్చిపోయి నవ్విన. ఆ ముచ్చట తర్వాత చెప్త, ముందు మన ఊర్ల ముచ్చట.

2008 మార్చిల ఎయిర్‌పోర్టు మొదలైనప్పుడు మా దిక్కు మాటంతా భూమి గురించే. ఎకరం ఎంత, ఔటర్ రింగు రోడ్డు ఎక్కడికెళ్లి పోతది అని. ఇప్పుడు అదే చుట్టుపక్కల ఇంకో రకం షెడ్లు లేచినయి. అటు షాబాద్ మండలం చందనవెల్లి, ఇటు కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేట, రావిర్యాల దిక్కు ఫ్యాబ్ సిటీ, షాద్‌నగర్ తొవ్వల మేకగూడ. కిటికీలు లేని పెద్ద పెద్ద బిల్డింగులు, ఎత్తు గోడలు, గేటు కాడ కెమెరాలు. డేటా సెంటర్లు. అమెజాన్ తన హైదరాబాద్ రీజియన్‌ను 2022 నవంబర్‌ల మొదలువెట్టింది. మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిల 15 వేల కోట్ల పెట్టుబడి అని ప్రకటించింది. లోపట తిరిగే సర్వర్లల్ల మస్తు శాతం నడిచేది లైనక్స్ మీదనే.

మా పెద్దనాయిన కొడుకు అసొంటి ఒక బిల్డింగు గేటు కాడ సెక్యూరిటీ గార్డు. లోపటికి పోవాలంటే కార్డు, వేలిముద్ర, మళ్ల ఇంకో తలుపు అని చెప్తడు. 'గింత కాపలా ఉంటే హ్యాకర్ ఎట్లొస్తడే?' అని అడిగిండు ఒకనాడు. మన పిల్లలు శానా మంది గిట్లనే అనుకుంటరు. క్లౌడ్ కంపెనీ కాపాడేది బిల్డింగును, కరెంటును, మిషన్‌ను. మనం కిరాయికి తీసుకున్న సర్వర్ మీద ఏ పోర్టు తెరిచినం, పాస్‌వర్డ్ ఏం పెట్టినం, అప్‌డేట్ చేసినమా లేదా అన్నది మన పని. కాగితం మీద గూడ గదే రాసుకుంటరు. అద్దె ఇంటికి ఓనర్ గోడ కడ్తడు, గొళ్ళెం పెట్టుకునేది మనమే.

ఇది నాకు దెబ్బ తిన్నంక తెలిసింది. ఐదారేండ్ల కింద ఒక చిన్న ఆఫీసుల పనిచేసేటప్పుడు టెస్టింగ్ కోసం ఒక లైనక్స్ సర్వర్ తీసుకున్న. ఫైర్‌వాల్ పెట్టిన. యూఎఫ్‌డబ్ల్యూ అంటరు, ఉబుంటుల ఉంటది. ఎస్‌ఎస్‌హెచ్, వెబ్ తప్ప అన్నీ బంద్ జేసిన. రెడిస్ అనే డేటాబేస్‌ను డాకర్‌ల నడిపిన, పాస్‌వర్డ్ పెట్టలే. బయట ఫైర్‌వాల్ ఉంది గదా అని ధీమా. రెండు రోజులకు సర్వర్ గుర్రు పెట్టుకుంట నడవబట్టింది. చూస్తే కేడెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్‌ఐ అనే ప్రాసెస్ సీపీయూనంత మింగుతుంది. పేరు జూస్తే లైనక్స్ సొంత ప్రాసెస్ లెక్కనే ఉంటది, కానీ అది క్రిప్టో కాయిన్లు తవ్వే దొంగ మిషన్. చంపితే మళ్ల లేస్తది, ఎందుకంటే క్రాన్‌ల తన పేరు రాసుకొని పోయింది.

ఫైర్‌వాల్ ఉండంగ ఎట్లొచ్చింది? డాకర్ ఒక పోర్టును బయటికి తెరిస్తే అది నేరుగ ఐపీటేబుల్స్‌ల తన రూల్స్ రాసుకుంటది, యూఎఫ్‌డబ్ల్యూను అడగదు. నేను ముందు తలుపుకు తాళమేసిన, డాకర్ పక్క గోడకు ఇంకో తలుపు కొట్టింది. పోర్టు ముందట 127.0.0.1 అని రాస్తే ఆ తలుపు లోపటికే తెరుచుకుంటుండె. ఆరు అంకెలు నాలుగు చుక్కలే... తప్పయింది, మూడు చుక్కలు. గిసొంటి లెక్క తప్పులతోనే సర్వర్లు పోతయి తమ్మీ. కడిగి బాగు చేద్దామని చూడలే, ఆ సర్వర్‌ను మొత్తం తీసేసి కొత్తది కట్టిన. ఒకసారి లోపటికి దొంగొచ్చిన సర్వర్‌ల ఏ ఇటుక తనదో ఏది దొంగదో చెప్పలేం.

నాదంటే చిన్న సర్వర్. 2022 జనవరిల హైదరాబాద్‌ల మహేష్ బ్యాంకు కాడ పోయింది 12 కోట్లకు పైన. పోలీసులు బయటపెట్టిన ముచ్చట్లు చదివితే సినిమాల హ్యాకర్ లెక్క ఏమీ ఉండదు. అంతకు రెండు నెలల ముందు బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగ దొంగ మెయిళ్లు పోయినయి. ఇద్దరు తెరిచిన్రు. అక్కడికెళ్లి నెట్‌వర్క్‌ల జొరబడ్డరు. లోపట సూపర్ యూజర్ ఖాతాలు ఒకటి గాదు పదిదాంక, కొన్నిటికి ఒకటే పాస్‌వర్డ్. సరైన ఫైర్‌వాల్ లైసెన్స్ లేదు. బ్రాంచులు, హెడ్డాఫీసు అన్నీ ఒకే వాకిట్ల ఉన్నట్టు ఒకే నెట్‌వర్క్‌ల. ఒక్క రూముల దూరినోడు ఇల్లంత తిరిగిండు. తర్వాత రిజర్వ్ బ్యాంకు 65 లక్షల జరిమానా ఏసింది.

సర్కారు దిక్కు గూడ కథ గంతే. 2019 మే మొదట్ల రెండు రాష్ట్రాల కరెంటు కంపెనీల వెబ్‌సైట్లు ర్యాన్సమ్‌వేర్‌తోని పడిపోయి, జనం బిల్లులు కట్టలేక తిప్పల పడ్డరు. 2024ల తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్ డేటా బయటికొచ్చింది. పట్టుకుంటే ఇరవై ఏండ్ల స్టూడెంట్. వాడు తెలివిగల్లోడా, మన గొళ్ళెం వదులా? నాకు రెండోదే ఎక్కువ అనిపిస్తది.

ఇగ ఆ మార్చి ముచ్చట. లైనక్స్‌ల ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను నలిపి చిన్నగ చేసే ఒక ప్రోగ్రాం ఉంటది. దాన్ని ఒక్కాయన జీతం లేకుంట ఏండ్ల సంది చూసుకుంటుండె. జియా టాన్ అనే పేరుతోని ఒకడొచ్చి, రెండేండ్లకు పైగ మంచోని లెక్క సాయం జేసి, నమ్మకం సంపాదిచ్చి, 5.6.0, 5.6.1 వెర్షన్లల్ల దొంగ తలుపు పెట్టిండు. ఎస్‌ఎస్‌హెచ్ నుంచి నేరుగ సర్వర్ లోపటికి పోయే తలుపు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన మిషన్‌ల లాగిన్ అర సెకను ఆలస్యమైతుందని గమనిచ్చి తవ్వితే, 2024 మార్చి 29న బయటపడ్డది. అప్పటికి అది టెస్టింగ్ వెర్షన్ల దాంకనే వచ్చింది. ఇంకొన్ని నెలలు ఆగితే చందనవెల్లిల ఏముంటుండె, చికాగోల ఏముంటుండె. అర సెకను గమనిచ్చే మనిషి ఉండబట్టి బతికినం. సాఫ్ట్‌వేర్ గాదు కాపాడింది.

గందుకే నేను అనేది, మన కాడ లేనిది మిషన్లు గాదు, చూసే మనిషి. కొత్త సర్వర్ ఇంటర్నెట్ మీద పెట్టి గంట ఆగి లాస్ట్‌బీ అని కొట్టి చూడుండ్రి. రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్ అని వందల పేర్లతోని తలుపు కొట్టుడు కనిపిస్తది. మనల్ని ఎవలో పగబట్టిన్రని గాదు, ప్రపంచంల ప్రతి ఇంటి తలుపును తోసి చూసుకుంట పోయే ప్రోగ్రాములు అవి. పాస్‌వర్డ్‌తోని లాగిన్ బంద్ పెట్టి తాళంచెవి ఫైల్ పెడితే అందుల తొంభై శాతం చప్పుడు ఉత్తదైపోతది. కానీ బంద్ పెట్టే ముందు ఇంకో విండోల లాగిన్ అయ్యి ఉండుండ్రి, లేకుంటే మన ఇంటికి మనమే బయటోళ్లమైతం. నాకైంది. పోర్టు 22ను 2222 చేసుడు మీద కొందరు గొప్పలు చెప్తరు. దాంతోని చప్పుడు తగ్గుతది, దొంగ ఆగడు. అసలైన పని సెక్యూరిటీ అప్‌డేట్లు ఆటోమేటిక్ పెట్టుడు, నెట్‌కు దూరంగ బ్యాకప్ ఉంచుడు. 2022 నవంబర్‌ల ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ర్యాన్సమ్‌వేర్‌తోని లాకైనప్పుడు, అక్కడ గూడ చీటీలు చేత్తోనే రాయవల్సి వచ్చింది.

కానూన్ లేదా అంటే ఉంది. సెర్ట్‌ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశమిచ్చింది: దాడి తెలిసిన ఆరు గంటల్లోపట చెప్పాలె, లాగులు 180 రోజులు దాచిపెట్టాలె. మంచిదే. కానీ దాడి జరిగిందని తెల్వాలంటే లాగు చదివేటోడు కావాలె గదా. చిన్న చిన్న ఆఫీసుల సర్వర్ పెట్టిన కాంట్రాక్టర్ బిల్లు తీసుకొని పోతడు, పాస్‌వర్డ్ ఎవలి డైరీల ఉందో ఎవలికీ తెల్వదు.

మీర్‌ఖాన్‌పేటల 2024 ఆగస్టు 1న యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన జేసిన్రు. అమెజాన్ డేటా సెంటర్‌కు జాగ ఇచ్చింది గదే ఊర్ల. భూములు ఇచ్చినోళ్ల పిల్లలకు ఆ బిల్డింగులల్ల దొరికింది ఎక్కువగ గేటు కాడి పని, తోట పని, ఊడ్చే పని. ఆ పనులను తక్కువ చేస్తలేను, మా అన్న గూడ గదే చేస్తడు. కానీ లాగు చదివే పనికి ఇంజనీరింగ్ సీటు అక్కర్లేదు. ఐటీఐల, పాలిటెక్నిక్‌ల ఆరు నెలలు కూసోవెట్టి లైనక్స్ నేర్పిస్తే వచ్చే పని ఇది. సర్కారు ఆఫీసుల ప్రతి సర్వర్‌కు పేరుతోని ఒక బాధ్యుడు ఉండాలని, ఆ పోస్టులల్ల ఈ పిల్లలను తీసుకోవాలని అడిగే హక్కు మనకుంది. సర్పంచ్‌నో ఎమ్మెల్యేనో కలిసినప్పుడు రోడ్డు గురించి అడిగినట్టే ఇది గూడ అడుగుండ్రి.

మా అన్నకు పాత ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చిన, డెబియన్ ఎక్కిచ్చి. నైట్ డ్యూటీ దిగి వచ్చి రోజు గంట కూసుంటడు. మొన్న ఎస్‌ఎస్ కమాండ్ కొట్టి ఏ పోర్టులు తెరిచున్నయో చూసిండు. '631 అని ఒకటి తెరిచుందిరా, ఇదెవనిది?' అని ఫోన్ జేసిండు. ప్రింటర్‌ది అని చెప్పిన. 'మనకు ప్రింటర్ లేదు గదా, మరెందుకు తెరిచిపెట్టినవ్?' అన్నడు. నా దగ్గర జవాబు లేదు. బంద్ పెట్టించిన.