‘మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?’ అన్న ప్రశ్న చాలదు

రొమ్ములో గడ్డతో వచ్చిన మహిళను డాక్టరు అడిగే ప్రశ్నల్లో ఒకటి, ‘మీ ఇంట్లో ఇంకెవరికైనా క్యాన్సర్ వచ్చిందా?’ ఆమెది నరసరావుపేట అయినా, దర్శి అయినా, జవాబు ఎక్కువగా ఒకటే: ‘లేదండి’. కేస్ షీటులో అదే రాసుకుంటారు. ఆమెకు జన్యు పరీక్ష అవసరమా కాదా అన్నది చాలాసార్లు ఆ ఒక్క మాటతోనే తేలిపోతుంది. పరీక్ష ఎవరికి చేయించాలో తేల్చడానికి గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో కుటుంబ చరిత్రను నమ్ముకోవడం పొరపాటనీ, రోగి వయసునూ బయాప్సీ రిపోర్టునూ చూసి నిర్ణయించాలనీ నా వాదన.

రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చే జన్యు లోపం వల్ల కలిగేవి నూటికి 5 నుంచి 10 దాకా ఉంటాయని అంచనా. వాటిలో ముఖ్యమైన జన్యువులు బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2. మొదటిది 17వ క్రోమోజోము మీద ఉందని మేరీ క్లెయిర్ కింగ్ 1990లో చూపారు. 1994లో ఆ జన్యువు చేతికి చిక్కింది, మరుసటి ఏడు రెండోది దొరికింది. వీటిలో లోపం ఉన్న స్త్రీకి 80 ఏళ్లు వచ్చేలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు దాదాపు 70 శాతమని 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అండాశయ క్యాన్సర్ ముప్పు మొదటి జన్యువుతో 44 శాతం, రెండోదానితో 17 శాతం. లోపం తల్లి నుంచి రావచ్చు, తండ్రి నుంచీ రావచ్చు. పిల్లల్లో ఒక్కొక్కరికి, ఆడైనా మగైనా, అది సంక్రమించే అవకాశం సగానికి సగం.

ఇప్పుడు ఆ ‘లేదండి’ సంగతి చూద్దాం. అడిగినప్పుడు అమ్మ, అక్కచెల్లెళ్లు, అమ్మమ్మ గుర్తొస్తారు. మేనత్త గుర్తు రాదు. ఆడవాళ్ల జబ్బు ఆడవాళ్ల వైపు నుంచే వస్తుందని అనుకోవడం వల్ల తండ్రి వైపు వాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నాయనమ్మ ఎలా పోయిందంటే ‘కడుపుకి నీరొచ్చి పోయింది’ అంటారు. అది కాలేయం చెడి వచ్చిన నీరు కావచ్చు, అండాశయ క్యాన్సర్ ముదిరి వచ్చిన నీరూ కావచ్చు. ఏ రిపోర్టూ మిగల్లేదు కాబట్టి ఇప్పుడు చెప్పగలిగేవారు లేరు. కుటుంబాలు చిన్నవయ్యాయి. ఇద్దరు కొడుకులున్న ఇంట్లో లోపం ఉన్నా ఒక తరమంతా పైకి కనిపించకపోవచ్చు. మిరప కోతలకూ పత్తి తీతలకూ కర్నూలు వైపు నుంచి వలస వచ్చే కూలీలను అడిగితే, సొంతూళ్లో ఎవరు ఏ జబ్బుతో పోయారో చెప్పగల పెద్దలు వాళ్ల పక్కన ఉండరు. వీటన్నిటి మీదా ఈ ప్రాంతానికే చెందిన మరో సమాధానం సిద్ధంగా ఉంటుంది: ‘పురుగుమందుల వల్లే వచ్చింది’. పత్తికీ మిరపకూ కొట్టే మందుల మీద అనుమానం సహేతుకమే, దాని మీద గట్టి పరిశోధన జరగాల్సిందే. కానీ 38 ఏళ్ల మనిషికి వచ్చిన గడ్డకు కారణం చేలోనే దొరికిందనుకుంటే వెతకడం అక్కడితో ఆగిపోతుంది. బీటీ పత్తి పుణ్యమా అని 2002 నుంచి విత్తనంలోని జన్యువు గురించి రచ్చబండ మీద వాదించుకుంటున్న ఊళ్లివి, మనిషిలోని జన్యువు గురించి అడగడానికి మాత్రం ఇంకా మొహమాటం. మేనరికాల సంగతి సరేసరి. అమ్మ వైపు, నాన్న వైపు ఒకే కుటుంబం అయినచోట లోపం రెండు దారుల్లోనూ రావచ్చు. బీఆర్‌సీఏ2 లోపం ఇద్దరి నుంచీ వచ్చిన బిడ్డకు ఫాన్కోని ఎనీమియా అనే తీవ్రమైన రక్త వ్యాధి వస్తుంది.

కుటుంబ చరిత్రలు శుభ్రంగా రాసిపెట్టుకునే దేశాల్లోనూ ఈ జల్లెడకు చిల్లులున్నాయని తేలింది. అమెరికాలో 900 మందికి పైగా రోగులకు పలు జన్యువుల పరీక్ష చేసి 2019లో ఫలితాలు ప్రకటించారు. అప్పటి మార్గదర్శకాల ప్రకారం పరీక్షకు అర్హులైనవారిలో 9.4 శాతం మందికి హానికర మార్పులు కనిపించాయి. అర్హత లేదని పక్కన పెట్టాల్సినవారిలో 7.9 శాతం మందికి కనిపించాయి. అయితే బీఆర్‌సీఏ లోపాలు మొదటి గుంపులోనే ఎక్కువ, ఆ తేడాను దాచనక్కర్లేదు. అందుకే నేను అందరికీ ఒకేసారి చేయమనడం లేదు, వరుస ఉండాలంటున్నాను. 2024 జనవరిలో అమెరికా క్లినికల్ ఆంకాలజీ సొసైటీ, సర్జికల్ ఆంకాలజీ సొసైటీ కలిసి, 65 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ రోగులందరికీ బీఆర్‌సీఏ పరీక్ష అందుబాటులో ఉంచాలని సిఫారసు చేశాయి. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాల కంటే సుమారు పదేళ్లు ముందే వస్తోంది. ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగటివ్‌గా ఉండే ‘ట్రిపుల్ నెగటివ్’ రకం వాటా కూడా ఇక్కడ ఎక్కువ. వంశపారంపర్య అనుమానంతో పంపిన 1,010 మంది భారతీయ రోగుల నమూనాలు పరీక్షించిన 2018 అధ్యయనంలో 30 శాతం మందికి లోపం బయటపడింది. ఏరి పంపినవారు కాబట్టి ఆ శాతాన్ని అందరికీ వర్తింపజేయకూడదు. మన దగ్గర ఈ లోపం అరుదు కాదని చెప్పడానికి మాత్రం అది చాలు.

ఫలితం తెలిస్తే ఒరిగేదేమిటి అనేవారికి జవాబు చికిత్సలోనే ఉంది. ముదిరిన దశలో బీఆర్‌సీఏ లోపం ఉన్నవారికి డోసిటాక్సెల్‌తో 33 శాతం మందిలో గడ్డ తగ్గితే, కార్బోప్లాటిన్‌తో 68 శాతం మందిలో తగ్గిందని 2018లో వెలువడిన టీఎన్‌టీ ట్రయల్ చూపింది. కార్బోప్లాటిన్ ఖరీదైన మందేమీ కాదు. ఇక ఒలాపరిబ్ అనే మందు: బీఆర్‌సీఏ లోపం ఉండి, తిరగబెట్టే ముప్పు ఎక్కువగా ఉన్న హెర్2 నెగటివ్ రోగులకు ఏడాది పాటు ఇస్తే మూడేళ్ల తర్వాత 85.9 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు, ఇవ్వనివారిలో 77.1 శాతం. పరీక్షే చేయకపోతే ఈ మందు ఎవరికి రాయాలో డాక్టరుకు తెలిసే దారి లేదు. రోగిలో లోపం దొరికితే ఆమె చెల్లెలికీ కూతురికీ ఆ ఒక్క మార్పు ఉందో లేదో చూస్తే చాలు, దానికి ఖర్చు బాగా తక్కువ. లేదని తేలిన కూతురికి ఆ లోపం భయమే ఉండదు.

అభ్యంతరాల్లో బలమైనది డబ్బు కాదు, గర్భసంచి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది. తెల్లబట్టకూ నడుము నొప్పికీ ఆపరేషన్ చేసిపారేసిన చరిత్ర ఉన్నచోట, ‘జన్యువులో తేడా ఉందమ్మా, అండాశయాలు తీసేద్దాం’ అనే కొత్త సాకు పుట్టదా? పుడుతుంది, ఆ భయం న్యాయమైనదే. పైగా చాలా రిపోర్టుల్లో ఏదో మార్పు కనిపించిందనీ అది హానికరమో కాదో తెలియదనీ ఉంటుంది. అంతర్జాతీయ డేటాబేసుల్లో భారతీయుల జన్యు సమాచారం తక్కువ కావడంతో ఈ బెడద మనకు ఎక్కువ. కాబట్టి నిబంధన స్పష్టంగా ఉండాలి. అర్థం తేలని మార్పు ఆధారంగా ఏ అవయవమూ తీయకూడదు. హానికరమని తేలినా, బీఆర్‌సీఏ1 లోపం ఉన్నవారికి 35–40 ఏళ్ల మధ్య, పిల్లలు కనడం పూర్తయ్యాక మాత్రమే, ఇద్దరు నిపుణుల సంతకంతోనే అండాశయాల ఆపరేషన్‌కు ఆమోదం ఇవ్వాలి. అసలు అనవసర ఆపరేషన్లు జరిగింది రుజువు అడిగేవారు లేకనే, ఇక్కడ రుజువు కాగితం మీద ఉంటుంది.

కూతురి పెళ్లి సంబంధం చెడిపోతుందన్న భయం మరొకటి. దాన్ని తేలిగ్గా తీసేయలేం. రిపోర్టు రోగి చేతికే ఇవ్వాలి, వరండాలో పేరు పిలిచి చదవకూడదు. బంధువులకు చెప్పాలా వద్దా అన్నది ఆమె నిర్ణయించుకోవాలి. కౌన్సెలర్లు లేరంటే, చికిత్స చేసే ఆంకాలజిస్టుకూ ఒక నర్సుకూ శిక్షణ ఇచ్చి పని నడపవచ్చు. ఇక డబ్బు: ప్యానెల్‌ను బట్టి పరీక్షకు కొన్ని వేల నుంచి పాతిక వేల రూపాయల దాకా అవుతుంది. కూలి ఇంటికి అది మోయలేని భారం. కొన్ని కీమో సైకిళ్లకూ రేడియేషన్‌కూ భరించే ఖర్చు పక్కన ప్రభుత్వానికి అది పెద్ద మొత్తం కాదు. గడ్డను ముందే పట్టుకోవడం మీద పెట్టాలి గానీ దీని మీద ఎందుకంటారా, 2024 నవంబరులో రాష్ట్రం ఇంటింటి క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టింది. అందులో దొరికిన మనిషికి తర్వాతి మెట్టు ఇదే.

వరుస ఇలా ఉండాలి. 50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి మహిళకూ, ఏ వయసులోనైనా ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగటివ్ అని బయాప్సీ రిపోర్టులో ఉన్నవారికీ, రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి మగవాడికీ, అండాశయ క్యాన్సర్ రోగులందరికీ, ఒలాపరిబ్ అవసరపడేవారికీ ఏ ప్రశ్నా లేకుండా పరీక్ష చేయాలి. ‘మా ఇంట్లో ఉందండి’ అన్న జవాబును ఈ జాబితాకు చేర్చడానికే వాడాలి, తీసేయడానికి వాడకూడదు. రెండు మూడేళ్ల ఫలితాలు చూసి వయసు హద్దును 65కు జరపవచ్చు. గుంటూరు జీజీహెచ్‌లోని నాట్కో క్యాన్సర్ కేంద్రం, మంగళగిరి ఎయిమ్స్, ఒంగోలు జీజీహెచ్ రక్త నమూనాలు తీసి ఒకే ల్యాబుకు పంపేలా ఏర్పాటు చేసి, ఆ ఖర్చును ఎన్టీఆర్ వైద్య సేవ ప్యాకేజీలో విడిగా, పేరుపెట్టి రాయాలి. రిపోర్టు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. మీ ఇంట్లో రొమ్ము క్యాన్సర్ రోగి ఉండి, ఆమె వయసు 50 లోపైనా, రిపోర్టులో ఆ మూడూ నెగటివ్ అని ఉన్నా, ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే బీఆర్‌సీఏ పరీక్ష గురించి డాక్టరును అడగండి.