లో గేరు నిలవకపోతే



విత్తనాల కాలమునకు ముందు కుటుంబ దర్శనములకు వెళ్లునప్పుడు, తోటలలో వాడే పాత చిన్న ట్రాక్టర్లను చూస్తుంటాము. కొన్నింటికి లో గేరు రాడ్డును తాడుతో సీటుకు కట్టి ఉంచుతారు. ఎందుకని అడిగితే, "బరువు పడితే గేరు జారిపోతోందండి అయ్యగారూ" అంటారు.

లో గేరు ఇంజనుకు కొత్త బలమివ్వదు. ఉన్న బలమునే మార్చి ఇస్తుంది. చక్రము వేగము సగమైతే, దానిని తిప్పే శక్తి దాదాపు రెండింతలగును. అందుకే దమ్ముకు, బరువుకు, పల్లమునకు ఆ గేరే వాడతాము. కాలువ గట్టు దిగునప్పుడు అది జారితే ఇంజను ఇక బండిని పట్టి ఉంచలేదు. భారమంతా బ్రేకు మీదనే పడును. మడ్‌గార్డు మీద పిల్లవాడు కూర్చుని ఉంటే ఏమగునో తలంచండి. తాడు దీనికి మందు కాదు.

మొదట బండిని సమమైన నేల మీద నిలిపి, ఇంజను ఆపి, చక్రాలకు దిమ్మెలు పెట్టవలెను. ఖర్చు లేని పని ముందు చేయండి. రాడ్డు వంగినా, దాని కీళ్లు అరిగినా, పాదాల కింది రేకు అడ్డము తగిలినా గేరు పళ్లు సగమే పట్టుకుంటాయి. అది బాగుంటే గేరు ఆయిలు దించి చూడండి. సన్నని పొడి పాత బండికి మామూలే. పంటి ముక్కలు కనబడితే మాత్రము పెట్టె విప్పవలసినదే.

చాలా పాత బండ్లలో గేరును జరిపే ఫోర్కు ఒక కడ్డీ మీద ఉంటుంది. ఆ కడ్డీ గాడిలో చిన్న ఉక్కు గోళీ కూర్చుంటుంది, దానిని స్ప్రింగు నొక్కి పట్టును. స్ప్రింగు బలము తగ్గినా, గాడి అరిగినా గేరు నిలవదు. విప్పునప్పుడు గోళీ ఎగిరిపోకుండా గుడ్డ అడ్డము పెట్టండి. ఫోర్కును, బేరింగును, పళ్ల అంచులను కూడా మెకానిక్కుకు చూపించండి. పళ్లు గుండ్రబడితే స్ప్రింగు ఒక్కటి మార్చితే చాలదు. కదులుతున్న బండిని హై నుండి లోకి లాగితే పళ్లు అట్లు పాడగును. పూర్తిగా ఆపి, క్లచ్చు తొక్కి మార్చండి.

ఖాళీ రోడ్డు మీద ఈ లోపము తెలియదు, బరువు పడినప్పుడే బయటపడును. మన ఓర్పు కూడా అంతే. ఆదివారము ఆరాధనలో అందరమూ శాంతపరులమే. పంట పోయిన ఏడు, అత్తగారు మంచాన పడిన నెల, బిడ్డ పరీక్ష తప్పిన రోజు అది జారిపోవును. అప్పుడు నలుగురి యెదుట నవ్వు ముఖమనే తాడుతో కట్టుకుంటాము.

ఆదికాండము 33వ అధ్యాయములో ఏశావు నాలుగు వందల మందితో వచ్చి, కలిసి వెళ్దామని యాకోబును పిలిచెను. యాకోబు మాత్రము పిల్లలు పసివారనీ, మందలో పాలిచ్చేవి ఉన్నవనీ చెప్పి, వారి నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదననెను. ఇంటి పెద్దకు ఆ నిదానము బలహీనత కాదు, బరువు మోసే బలము.

ఈ నెలలో తాడు విప్పుదము. లోపల అరిగినదేమిటో ప్రభువు యెదుట, భార్యాభర్తలు ఒకరి యెదుట ఒకరు, తెరచి చూచుకొందము. ట్రాక్టరును కూడా వానలు పడకముందే విప్పించండి.