అర్జీ కూడా పాఠమే

లేఖారచన అనగానే మనం విద్యార్థి చేత విహారయాత్రను వర్ణిస్తూ మిత్రునికి జాబు రాయిస్తాము. లేదా సెలవు కోరుతూ ప్రధానోపాధ్యాయునికి రాయిస్తాము. ఆ పిల్లవాని ఇంటికి నిజంగా అక్కరకు వచ్చే జాబు మరొకటి ఉన్నది. తల్లి ఖాతాలో పడవలసిన సొమ్ము పడకపోతే, కారణమేమని అధికారిని అడిగే అర్జీ అది.

ఆంధ్రప్రదేశ్‌లో బడికి వెళ్లే బిడ్డ తల్లికి ఏటా 15,000 రూపాయలిచ్చే పథకం 2020 జనవరిలో ‘అమ్మ ఒడి’గా మొదలైనది. ప్రభుత్వం మారిన పిమ్మట 2025 జూన్‌లో ‘తల్లికి వందనం’గా, ఇంట్లో ఎందరు పిల్లలుంటే అందరికీ వర్తించేటట్లు వచ్చినది. బడి నిర్వహణకు 2,000 మినహాయించి 13,000 తల్లి ఖాతాలో వేశారు. పేరు మారినది గాని జల్లెడ మారలేదు. సొంత కారు ఉండరాదు, ఆదాయపు పన్ను కట్టరాదు, కరెంటు వాడకం ఏడాది సగటున నెలకు 300 యూనిట్లు దాటరాదు. కలవారిని వేరుచేయడానికి ఏదో ఒక కొలత ఉండవలసినదే. దానిని నేను తప్పుపట్టను. అయితే కొలిచేది మనిషి కాదు. ఆధార్ సంఖ్యకు అతికిన లెక్కలే అక్కడ మాట్లాడతాయి.

నాలుగు వాటాల ఇంట్లో నాలుగు మీటర్లకూ అద్దెకున్న ఒక్కని ఆధారే తగిలించి ఉన్నదనుకోండి. రెండు దీపాలు, ఒక పంకా గల కాపురం కాగితం మీద 300 యూనిట్లు దాటిపోతుంది. నిరుడు వచ్చిన సొమ్ము ఈ ఏడు రాదు. ఇల్లాలు కూలి మానుకుని పోయి, అనర్హుల జాబితాలో తన పేరు పక్కన ‘విద్యుత్తు’ అన్న ఒక్క మాట చూచుకుంటుంది. ఆ సొమ్ము వస్తుందన్న ధీమాతో ఆమె అప్పటికే ఎవరిదగ్గరో చేబదులు తెచ్చి ఉంటుంది కూడాను.

ఇది మన బీదతనం వల్ల పుట్టిన జాడ్యమనుకోరాదు. సంపన్న దేశమైన నెదర్లాండ్స్‌లో శిశుసంరక్షణకిచ్చే సహాయధనం విషయంలో పన్నుల శాఖ వేలాది తల్లిదండ్రులను మోసగాళ్లుగా ఎంచినది. చిన్న పొరపాట్లకే ఏళ్ల తరబడి ఇచ్చినదంతా తిరిగి కట్టమన్నది. న్యాయవాదులు, విలేకరులు, ఒకరిద్దరు పార్లమెంటు సభ్యులు ఏళ్లకేళ్లు అడిగి అడిగి విసిగించిన మీదట నిజం బయటపడి, 2021 జనవరి 15న మంత్రివర్గమే రాజీనామా చేసినది. అక్కడ చదువుకున్నవారికే అంత కాలం పట్టినది గదా!

జనాభా లెక్కలు, ఎన్నికల పనులు, మొన్నమొన్నటి వరకు మరుగుదొడ్ల ఫోటోలు కూడా మా నెత్తినే వేశారని ఉపాధ్యాయులు అనవచ్చును. న్యాయమే. కాని ఈ వ్యవహారంలో మనం బయటివారం కాము. హాజరు నూటికి 75 ఉండవలెనన్న నియమానికి ఆధారం మన రిజిస్టరే. తల్లి ఆధార్‌లో ఒక అంకె మన బడిలో తప్పు ఎక్కినా ఆ ఇంటి సొమ్ము ఆగిపోగలదు. పైగా నేను కోరేది మరొక డ్యూటీ కాదు, ఉన్న పాఠంలోనే మరొక నమూనా.

ఆ నమూనాలో వర్ణనలు అక్కరలేదు. ‘బీదదానను, దయచూడండి’ అన్న మాట అసలే అక్కరలేదు. భిక్షకు దయ కావాలి. లెక్క తప్పినదని చెప్పడానికి లెక్క చాలు. ఏ పథకం, ఏ తేదీ జాబితా, ఏ కారణం చూపారు, అది ఎందుకు సరికాదు అన్నవి నాలుగు వాక్యాలలో ఇమిడిపోతాయి. విద్యుత్తు సంగతైతే తన మీటరు సర్వీసు నంబరు రాసి, పన్నెండు నెలల బిల్లులు జతచేయాలి. తనది కాని మీటర్ల నుండి తన ఆధార్‌ను తొలగించవలసినదిగా విద్యుత్ శాఖకు వేరొక కాగితం పెట్టాలి. కారణమే చెప్పకపోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షనును ఉదహరించవచ్చును. ఒక నిర్ణయం వలన బాధితులైన వారికి కారణాలు తెలుపవలెనని అందులోనే ఉన్నది. ఆ చట్టం కింద దరఖాస్తు పెడితే సాధారణంగా 30 రోజులలో జవాబు రావాలి.

తొమ్మిదో తరగతి పిల్ల ఈపాటి రాయగలదు. రెండు ప్రతులు రాయించండి. ఒకటి కార్యాలయంలో ఇచ్చి, రెండవదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని రమ్మనండి. చాలామంది అర్జీ ఇచ్చి వట్టి చేతులతో ఇంటికి వస్తారు; నెల తిరిగేసరికి అది ఇచ్చినట్లు దాఖలా ఉండదు.