ముందుచూపు ఎవరికి లేదు?

"రైతుకు ముందుచూపు లేదు." సమావేశాల్లో అధికారుల నోట, నాయకుల నోట ఈ మాట వినీ వినీ విసిగిపోయాం. ఇంతకీ ముందుచూపంటే ఏమిటి? వాన ఏ రోజు పడుతుందో చెప్పడమైతే అది జోస్యం. వాన రాకపోతే ఏం చేయాలో వానకు ముందే ఏర్పాటు చేసుకోవడం ముందుచూపు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ సగటు వాన ఉండే సీమ మనది. ఆ సగటు కూడా లెక్కల్లోనే. శెనక్కాయ ఊడలు దిగే వేళకు నెల రోజులు మొహం చాటేస్తుంది. ఇది తెలిసే మన పెద్దలు ఒక్క పంటను నమ్మలేదు. కొర్ర చేలో కంది అక్కిడి సాళ్లు వేసేవాళ్లు. కొర్ర పోతే కంది, అదీ పోతే ఆఖరికి ఉలవలు. పశువులకు వామి, మనుషులకు జొన్న పాతర. బడి మొహం చూడని మనుషులు వాళ్లు! విజయనగర రాజుల కాలంలో పండమేరు నీళ్లు నిలిపి బుక్కరాయసముద్రం చెరువు కట్టించినవాళ్లదీ ఆ చూపే.

మరి మనం? నిజం ఒప్పుకుందాం. శెనక్కాయ డబ్బు తెస్తోందని ఇంట్లో కొర్ర విత్తనం కూడా లేకుండా చేసుకున్నాం. పక్కోడికి నీళ్లు పడ్డాయని మనమూ బోరు వేశాం. మా ఊర్లో ఒకే గట్టుకు అటూ ఇటూ మూడు బోర్లు, ఒక్కోటి ఏడు వందల అడుగులు. ఇప్పుడు మూడింట్లోనూ గాలే. అప్పు మాత్రం ఎండలేదు.

అయితే తప్పంతా రైతు నెత్తిన రుద్దితే ఒప్పుకోం. బోర్లకు అనుమతి, వాటి మధ్య దూరం ఉండాలని 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. మేం చెప్పిన మూడు బోర్లూ ఆ తర్వాత వేసినవే. అడిగినవాడు లేడు. జూన్‌లో పదునైతే, పదునారిపోయాక సబ్సిడీ విత్తనం వచ్చిన ఏళ్లు ఎన్ని? కరువు బృందం కార్లు దిగేసరికి చెట్లు పీకి వామి వేసేసి ఉంటాం. వాళ్లకు చూపించడానికి చేను ఉండదు. కరువు మన జిల్లాకు చెప్పకుండా వచ్చే చుట్టమా?

పరిహారం వద్దనడం లేదు. అది మన హక్కు. కానీ అది పంట పోయాక ఇచ్చేది. మనం అడగాల్సింది అంతకు ముందటిది. విత్తనం మే నెలలోనే ఊరికి చేరాలి. జూలై ఆఖరుకూ వాన లేకపోతే వేసుకోవడానికి ఉలవ, కొర్ర, అలసంద విత్తనం దగ్గర్లోనే నిల్వ ఉండాలి. చెరువుల పూడిక ఎండాకాలంలోనే తీయాలి. ఈ మూడూ రాసి ఏప్రిల్‌లోనే అర్జీ ఇద్దాం.

మీ ఊళ్లో ఎవరింట్లో ఇంకా కొర్ర విత్తనం మిగిలి ఉందో గ్రామ కమిటీలు ఈ నెలలోనే రాసి పంపండి.