రెండు గడుల చదువు

‘వాస్తవం’ అని ఒక గడి, ‘అభిప్రాయం’ అని మరొక గడి. వాక్యం చదివి ఏదో ఒకదానిలో టిక్కు పెడితే చాలు, పిల్లవాడు విమర్శకుడైపోయినట్లే! 2020 నాటి జాతీయ విద్యావిధానం విమర్శనాత్మక ఆలోచనను పదే పదే స్మరించింది. తరగతిగదిలోకి దిగేసరికి అది ఈ రెండు గడులకు కుంచించుకుపోయింది.

ఈ చదువు సూత్రం సులభమైనది. అంకె, తేదీ ఉంటే వాస్తవం. ‘అందమైన’, ‘గొప్ప’ అన్న మాట ఉంటే అభిప్రాయం. కళాశాలలో మా ముందుకు వచ్చేసరికి అలవాటు ముదిరి, అంకె కనపడగానే చేతులు జోడిస్తారు. ఈ సూత్రాన్ని కైకలూరులోనే పరీక్షించి చూద్దాం.

‘కొల్లేరు మంచినీటి సరస్సు.’ వాస్తవమంటాడు పిల్లవాడు, మార్కు పడుతుంది. ఉప్పుటేరు గుండా సముద్రపు పోటునీరు ఎగదన్ని వస్తున్న సంగతి ఆ మార్కుకు అక్కరలేదు.

‘కొల్లేటి విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు.’ అంకె ఉంది, ఇంకేం కావాలి? అది 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించిన మేర. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కినప్పుడు రాసిన మేర 901. రెండూ అబద్ధాలు కావు. ఎవరు, దేనికోసం, ఎక్కడ గీత గీసి కొలిచారని అడగనిదే ఆ అంకెలకు అర్థం లేదు. ఆ గీతను మూడో కాంటూరుకు దించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. తీర్మానించడం వాస్తవం, దించడం న్యాయమనేది వాదం.

అసలు ప్రమాదం విశేషణంలో లేదు, నామవాచకంలో ఉంది. ‘2006లో కొల్లేటి ఆక్రమణలను తొలగించారు.’ సంవత్సరం ఉంది, పొగడ్తా తెగడ్తా లేవు. కనుక నిక్షేపంగా వాస్తవం! కాని ఆ చెరువులన్నీ ఒక్క తీరువి కావు. పెట్టుబడి దించి వందల ఎకరాలు చుట్టుకున్నవారి చెరువులున్నాయి. 1976లో ప్రభుత్వమే మత్స్యకార సహకార సంఘాలకు ఏర్పరచిన చెరువులూ ఉన్నాయి. ‘ఆక్రమణ’ అన్న ఒక్క మాట ఇద్దరినీ ఒకే బోనులో నిలబెట్టింది. లంక గ్రామపు జాలరి ఇంటి పిల్ల ఆ వాక్యానికి టిక్కు పెట్టి, తన తాత దొంగ అని ఒప్పుకుని, మార్కు తెచ్చుకుంటుంది.

ఇది చూసి మన మిత్రులే కొందరు రెండో కొసకు పరుగెత్తుతారు: వాస్తవమనేదే లేదు, అంతా ఎవరి వర్గానికి వారి అభిప్రాయమే అంటారు. ఇది అభ్యుదయం కాదు, అస్త్రసన్యాసం. చెరువుగట్టు ఉందా లేదా? నీటిలో ఉప్పెంత? ఇవి కొలిచి తేల్చవలసినవి. ‘నీ అభిప్రాయం నీది, నా అభిప్రాయం నాది’ అన్న మాట ఎప్పుడూ గట్టు ఎవరి చేతిలో ఉంటే వారికే లాభం.

చేయవలసిన పని కష్టమైనదేమీ కాదు. అభయారణ్యపు ప్రకటన, పర్యాటకశాఖ కరపత్రం, మత్స్యకారుల అర్జీ, మూడూ పక్కపక్కన పెట్టి చదివించాలి. ఎవరు కొలిచారు? ఏ మాట ఎంచుకున్నారు? ఏ సంగతి వదిలేశారు? అభిప్రాయమైతే దానికి ఆధారమేమిటి? గట్టి ఆధారమున్న అభిప్రాయాన్ని గాలిమాటతో సమానం చేసి ఒకే గడిలో పడేయడం కూడా అన్యాయమే కదా! పిల్లలకు ఇది బరువంటారు కొందరు. తూములో నీరు ఎటు పారుతున్నదో చూసి చెప్పగల పిల్లలకు బరువా?

పరీక్షకు పనికిరాదన్న ఆక్షేపణ మాత్రం నిజం. టిక్కుల ప్రశ్నపత్రంలో ఈ ప్రశ్నలకు జాగా లేదు. ఆ ప్రశ్నపత్రం మార్చాలని ఉపాధ్యాయ సంఘాలు అడగాలి. జీతభత్యాల తీర్మానాల పక్కన దీనికీ ఒక వాక్యం పడుతుంది.