రేపు తెరిచేది ఎవరు?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనేవాళ్లు ఎన్ని టీబీలు, ఎంత వేగం, ఎంత ధర అని అడుగుతారు. దాచింది రేపు ఎవరు, ఏ కంప్యూటర్‌లో తెరుస్తారన్న మాట ఎత్తేవాళ్లు అరుదు. నా లెక్కలో మొదటి ప్రశ్న అదే. బ్యాకప్ అక్కరకొచ్చే రోజున మన ల్యాప్‌టాప్ ఉండదు. ఒక్కోసారి మనమే ఉండకపోవచ్చు. అప్పుడు పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, బీమా పత్రాలు వెతుక్కోవాల్సింది ఇంట్లోవాళ్లే. అందుకే సర్వస్వాన్నీ ఒకే ఇమేజ్ ఫైలుగా బిగించి, తన సొంత ప్రోగ్రామ్ లేనిదే విప్పని సాఫ్ట్‌వేర్ ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు. ఆ ఇమేజ్ విండోస్‌ను తిరిగి నిలబెట్టడానికి పనికొస్తుంది. కుటుంబానికి కావలసింది మాత్రం ఫైళ్లు. విండోస్‌లోని ఫైల్ హిస్టరీ పేరు చివర తేదీ, సమయం చేర్చి మామూలు ఫోల్డర్లలోనే కాపీలు పెడుతుంది. వేరే కంప్యూటర్‌కు తగిలించినా ఫొటో ఫొటోలాగే తెరుచుకుంటుంది. 2007లో మాక్‌లోకి వచ్చిన టైమ్ మెషీన్ గొప్ప సదుపాయమే, కానీ దాని డిస్కును విండోస్ నేరుగా చదవలేదు. ఇంట్లో రెండు రకాల యంత్రాలుంటే ముఖ్యమైన ఫైళ్ల ఇంకో కాపీ రెండూ చదవగలిగే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ డ్రైవ్‌లో ఉండాలి. డ్రైవ్‌కు విండోస్‌లోని బిట్‌లాకర్‌తో తాళం వేస్తే, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతో పెట్టి, ఆ సంగతి ఇంకొకరికి చెప్పాలి. కంప్యూటర్ల గురించి అంతగా తెలియని ఇంటి మనిషి మన సాయం లేకుండా ఒక్క ఫొటో బయటికి తీయగలిగితేనే దాన్ని నేను బ్యాకప్ అంటాను.